పెద్దల అలమరా మీద అలారం

ఆ ఆదివారం పదింటికి తండ్రి ఏడో ఏటి సంవత్సరీకం. మంత్రం చదివే గురువుగారు వచ్చేలోపు నాలుగు పొగ అలారాలూ బిగించేయాలని షిగెయో పొద్దున్నే నిచ్చెన ఎక్కాడు. పోయిన చలికాలం పక్క సందులో ఒక చెక్క ఇల్లు గంటలో బూడిదైంది. అప్పటినుంచి అతనికి నిప్పంటే భయం. మూడంతస్తుల ఈ ఇరుకింట్లో అన్నిటికన్నా పైన ఎనభై నాలుగేళ్ళ తల్లి ఒతొయో ఉంటుంది. దిగడానికి ఒక్కటే మెట్లదారి, అదీ నిటారుగా. ఆ మెట్లూ, ఆవిడ మోకాళ్ళూ గుర్తొస్తే అతనికి ముద్ద దిగేది కాదు.

"పడుకునే గదుల్లో, మెట్ల పైన పెట్టమని వీటితో వచ్చిన కాగితంలో రాశారండీ," అంది నిచ్చెన పట్టుకున్న భార్య చిజురు.

"పడుకున్నవాళ్ళు ఏం తగలబెడతారే? నిప్పు ఎక్కడుంటే అక్కడ పెట్టాలి గానీ."

"అత్తయ్య గదిలోనైనా ఒకటి..."

"అమ్మ గదిలో ఏముంది, పరుపూ కిటికీ తప్ప?"

అలా ఒకటి వంటగదిలో, ఒకటి స్నానాలగదిలో, ఒకటి వీధి గుమ్మంలో బిగించాడు. నాలుగోది, మరీ జాగ్రత్తగా, కింది హాల్లో, పోయినవాళ్ళకి దండం పెట్టుకునే పెద్దల అలమరాకి సరిగ్గా నెత్తిమీద. రోజూ తండ్రి ఫోటో ముందు అగరొత్తులు వెలిగేది అక్కడే మరి. నాలుగూ ఒకదానితో ఒకటి కలిపినవి. ఒకటి అరిస్తే నాలుగూ అరుస్తాయి.

పదింటికి గురువుగారు మంత్రం అందుకున్నారు. మోకాళ్ళ నొప్పులని, పైనుంచే దండం పెట్టుకుంటానని ఒతొయో ముందే చెప్పేసింది. వచ్చిన బంధువులు తలా ఒక అగరొత్తి గుచ్చారు. పొగ తిన్నగా వెళ్ళి అలారం నోట్లో పడింది.

"నిప్పంటుకుంది, నిప్పంటుకుంది," అంది అలారంలోంచి ఒక ఆడగొంతు నిదానంగా. అదే మాట వంటగదీ అంది, స్నానాలగదీ అంది, గుమ్మమూ అంది.

షిగెయోకి పై ప్రాణాలు పైనే పోయాయి. వంటగదిలోకి పరిగెత్తాడు, పొయ్యి చల్లగా ఉంది. స్నానాలగదిలోకి పరిగెత్తాడు, అక్కడ బకెట్టు తప్ప ఏమీ లేదు. ఎటు వెళ్తే అటునుంచి అదే గొంతు.

నెలలో మొదటి ఆదివారం కావడంతో, వీధిలో పక్కింటి ఇవాసెగారి నాయకత్వాన, నిప్పు ఆర్పడానికి నీళ్ళ బకెట్లు చేతులు మార్చే సాధన నడుస్తోంది. గుమ్మం అరుపు వినగానే ఆవిడ తలుపు తోసింది.

"ఎక్కడండీ నిప్పు?"

"తెలీదమ్మా, అన్నిచోట్లా అంటోంది," అన్నాడు షిగెయో.

ఆవిడకి కళ్ళెదురుగా పొగ కనబడింది. మొదటి రెండు బకెట్లూ అలమరా మీదా, దాని ముందు కళ్ళు మూసుకున్న గురువుగారి మీదా పడ్డాయి. ఆయన మంత్రం ఆపలేదు, కాస్త తొందరగా చదివారు.

అప్పుడు తగిలింది షిగెయోకి వాసన. అగరొత్తులది కాదు, చేప కాలుతున్న వాసన. పైనుంచి వస్తోంది.

"అమ్మా," అంటూ మెట్లెక్కాడు. రెండుసార్లు జారాడు, మోకాలు చెక్కుకుపోయింది. ఈ మెట్ల వల్లే అమ్మ దక్కదు, ఈ మెట్ల వల్లే అనుకుంటూ ఏడ్చాడు. తలుపు జరిపితే లోపలంతా పొగ. ఒతొయో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఎండుచేప తిప్పుతోంది. వెనక బొంత అంచు ఎర్రగా రాజుకుని గోడకేసి పాకుతోంది. ఆవిడ వెనక్కి తిరగలేదు, చెవులా సరిగ్గా వినబడవు.

"నీళ్ళు," అని షిగెయో అరిచాడు. మెట్ల మీద చేతులు మారుతూ మూడో బకెట్టు వచ్చింది, నాలుగోదీ వచ్చింది. బొంత బుస్సుమని ఆరిపోయింది.

"ఇంకో నిమిషం ఆలస్యమైతే..." అంది బకెట్టుతో పైకొచ్చిన ఇవాసెగారు.

షిగెయో పై మెట్టు మీద కూలబడ్డాడు. ఒతొయో కొడుకుని ఎగాదిగా చూసింది.

"మీ నాన్నకి అగరొత్తుల వాసన పడదురా. ఎండుచేపంటే ప్రాణం. ఆయన భాగం తడిపేశారు కదా."

"అలారం అరవబట్టి దక్కావమ్మా," అని ఆవిడ చెవి దగ్గర అరిచాడు షిగెయో.

"ఏ అలారం? నా గదిలో ఏదీ?"

చిజురు మొగుడి వంక చూసింది. కిందికెళ్ళి నిచ్చెన తెచ్చింది. ఆ మధ్యాహ్నమే ఒక అలారం తల్లి గదిలోకీ, ఒకటి మెట్ల పైకీ ఎక్కాయి.

గురువుగారు మాత్రం వస్త్రం పిండుకుంటూ, ఏడో ఏటి తర్వాత వచ్చే పదమూడో ఏటి మంత్రం వీధిలో నిలబడి చదువుతానన్నారు.