గుండె బలహీనత ధ్రువీకరణ

మానవ హృదయాన్ని బాగుచేయడంలో పెద్దపెద్ద ఆసుపత్రులు సాధించలేనిది, బెజవాడలోని మూడంతస్తుల వైద్య ధ్రువీకరణ కార్యాలయం 2004లో ఎనిమిది వారాల్లో సాధించింది. కావాలని చేయలేదు కాబట్టి మరింత మెచ్చుకోవాలి.

సంజీవరావు గారు ఇబ్రహీంపట్నంలో ఒక సర్కారు గుమాస్తా. ఆయన భార్య తెరేసమ్మ గారు పామర్రులో టీచరు. పదకొండేళ్లుగా వీరి కాపురం ఆదివారాల్లోనే నడుస్తోంది (ఈస్టరు కూడా ఆదివారమే రావడం వల్ల అదనంగా కలిసొచ్చిందేమీ లేదు). ఇంతలో అదృష్టవశాత్తూ సంజీవరావు గారికి గుండె నీరసించింది. గుండె బలహీనమని కాగితం తెచ్చుకుంటే పామర్రుకు బదిలీ ఇస్తారు. ఆ కబురు విన్నరోజు తెరేసమ్మ గారు కోడికూర వండారు.

కార్యాలయ పద్ధతి చాలా సులువు. కింద టోకెను ఇస్తారు. అది రెండు నిమిషాలే చెల్లుతుంది. ఆలోగా మూడో అంతస్తుకు చేరాలి (లిఫ్టు ఉంది, అధికారుల ఆరోగ్యం దృష్ట్యా). అక్కడ గుమాస్తా శౌరమ్మ గారు టీ ముగించేదాకా బెంచీ మీద కూర్చోవాలి. తరువాత ఆవిడ తలెత్తి చూస్తారు.

"కింద ముద్ర పడలేదండీ. గబగబా వెళ్లి వేయించుకు రండి, కిటికీ మూసేస్తారు."

మళ్లీ పరుగు, మళ్లీ బెంచీ. పూటకు ఎనిమిది విడతలు. సోమ, బుధ, శుక్రవారాలు పని, మధ్య రోజుల్లో విశ్రాంతి. మొదటి వారం సంజీవరావు గారు మెట్ల మీదే కూలబడ్డారు. నిబంధనల ప్రకారం అది తిరుగులేని సాక్ష్యం. కాకపోతే ఆ వారం డాక్టరు గారు సెలవులో ఉన్నారు.

నాలుగో వారానికి ఆయన రెండేసి మెట్లు ఎక్కసాగారు. ఆరో వారానికి చొక్కా భుజాల దగ్గర పిగిలింది. ఎనిమిదో వారం డాక్టర్ ఛాయాదేవి గారు ఆయన్ని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వచ్చిన కాగితం చూసి మురిసిపోయారు.

"అద్భుతమండీ! కండల్లో మయోస్టాటిన్ అని ఒకటుంటుంది. కండ పెరగకుండా అడ్డుపడటమే దాని ఉద్యోగం. ఆగి ఆగి గట్టిగా వ్యాయామం చేస్తే అది తగ్గుతుందంటారు. గుండె కూడా బాగా గట్టిపడింది. ఏ జిమ్ముకెళ్తున్నారేంటి?"

"మీ ఆఫీసుకేనండీ," అన్నారు సంజీవరావు గారు.

(ఎదుగుదలకు అడ్డుపడే గుమాస్తా ఒంట్లో కూడా ఒకడున్నాడన్నమాట. ఆఫీసు గుమాస్తాల ముందు వాడు నిలవలేకపోయాడు.)

"మరి నా బదిలీ అండీ? మా ఆవిడ ఇద్దరికీ సరిపోయే ఇల్లు కూడా చూసి పెట్టింది." ఆయన గొంతు వణికింది. గుండె మాత్రం నిమిషానికి అరవై రెండు చొప్పున హాయిగా కొట్టుకుంటూనే ఉంది.

కాగితం మీద 'ఆరోగ్యవంతుడు' అని ముద్ర పడింది. ఆయన ఫోనులో సంగతి తెరేసమ్మ గారికి చెప్పారు.

"ఇప్పుడు నేను దేవుడికి స్తోత్రం చెప్పుకోవాలా, ఏడవాలా అండీ?" అన్నారావిడ.

అప్పీలు చేసుకోవచ్చట. ఆ విభాగం కోసం నాలుగో అంతస్తు కడుతున్నారు. ప్రస్తుతానికి మెట్లు పూర్తయ్యాయి.