నూకరత్నం మళ్లీ ఉండే తేదీ

మునిసిపాలిటీ యంత్రం బొటనవేలిని గుర్తుపట్టకపోవడంతో సోమవారం పొద్దున్న మైలపల్లి నూకరత్నం లేకుండా పోయింది. చనిపోలేదు, ఎక్కడికీ వెళ్లలేదు. యంత్రం మళ్లీ అడిగేవరకూ ఆమె ఉండదు, అంతే. వార్డులో ఎవరున్నారో కంప్యూటర్ పదేపదే అడుగుతూనే ఉంటుంది. వేలు సరిపోయినవాళ్లని మర్నాడు అడుగుతుంది. సరిపోనివాళ్లని కాస్త ఆగి అడుగుతుంది, అప్పుడూ కాకపోతే అంతకు రెట్టింపు ఆగి అడుగుతుంది. అందరూ ఒక్కసారే మీద పడితే పాపం కంప్యూటర్ అలిసిపోతుందట. మనుషులు అలిసిపోతే ఏం చెయ్యాలో ప్రోగ్రాం రాసిన మహానుభావుడు రాయలేదు.

నూకరత్నం రొయ్యల షెడ్డులో ఐసునీళ్లలో చేతులు పెట్టి పెంకులు వలుస్తుంది. ఆ వేళ్ల మీద గీతలెక్కడివి? ఇంట్లో మూడు నెలల పాప, తల్లిపాలు తప్ప ఇంకేదీ ముట్టదు.

మధ్యాహ్నం యంత్రం మళ్లీ అడిగింది. నూకరత్నం దాని ముందు ప్రత్యక్షమైంది. తిరిగి వచ్చినవాళ్లకి ఐదు నిమిషాలు గడువిస్తారు. భర్త ఎల్లాజి పాపని ఎత్తుకుని అక్కడే కాచుకుని ఉన్నాడు. ఆత్రంకొద్దీ ఆమె వేలికి కొబ్బరినూనె రాసి నొక్కించాడు. ఎర్రదీపం వెలిగింది. నిమ్మచెక్కతో రుద్ది నొక్కించాడు. క్యూలో వాళ్లు తలో సలహా ఇచ్చారు, సలహాకో నొక్కు. సరిపోని ప్రతి నొక్కుకీ లేకుండా ఉండే కాలం రెట్టింపవుతుందని చెప్పాల్సినవాళ్లు టీకి వెళ్లారు. ఆ ఐదు నిమిషాలూ పాపకి పాలివ్వచ్చని ఎవరికీ తోచలేదు. నూకరత్నం మళ్లీ లేకుండా పోయింది.

గుమాస్తా భాస్కర్రావు తిరిగి వచ్చి తెర చూశాడు.

"వచ్చే ఏడాది శ్రావణంలో ఉంటుందయ్యా."

"పాప పాలకేడుస్తంది బాబూ. ఒక్కపాలి పంపండి, పాలిచ్చి ఎల్లిపోద్ది."

"లేని మనిషిని ఎలా పంపను? ఇక్కణ్నుంచి నన్ను మీట నొక్కి అడిగించమంటే తేదీ ఇంకా దూరం పోతుంది. నీ మంచికే చెబుతున్నా."

ఆ మాట అన్నవాడికి ఆ రోజు అన్నం ఎలా దిగిందో తెలియదు. దిగే ఉంటుంది. వీధిలోవాళ్లు మాత్రం ఎల్లాజిని అదృష్టవంతుడన్నారు, కొందరికి తేదీ కూడా ఇవ్వరట.

ఇప్పుడా వీధిలో గొడవేమీ లేదు. ఎవరి బొటనవేలిని వాళ్లు కాపాడుకుంటూ అన్నం నాలుగు వేళ్లతోనే తింటున్నారు. వచ్చే వారం నుంచి పాపని కూడా అడుగుతారని కబురొచ్చింది. పాలు లేక పాప బొటనవేలు నోట్లో పెట్టుకుంటోంది. నానితే గీతలు పోతాయని ఎల్లాజి ఆ వేలిని మెల్లగా లాగి, గుడ్డ చుట్టి కడుతున్నాడు.