గడ్డి లేని పూట

ఆ ఉదయం మేనేజరు కోరుకున్నది ఒక్కటే: ఆవరణ అద్దంలా మెరవాలి. ఎండుగడ్డిని నానబెట్టి, పులియబెట్టి ఇంధనం, గ్యాసు, ఎరువు తీసే ఆ బయోరిఫైనరీని పరీక్షించడానికి అధికారిణి వస్తోంది. కర్మాగారం తన తిండి తాను సంపాదించుకుంటోందా, గాలికీ నేలకూ అది చేసే మేలు కీడు కన్నా ఎక్కువేనా అన్నది ఆవిడ తేల్చాలి. కాదంటే గేటుకు తాళమే.

"ఆవిడ కంటికి ఒక్క గడ్డిపోచ కనపడకూడదు" అని ముందురోజే బావమరిదికి చెప్పాడు. బావమరిది అక్కడే యార్డు సూపర్‌వైజరు, చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అలాంటివాళ్ళతో వచ్చే చిక్కే అది.

పొద్దున్న వచ్చేసరికి యార్డు బోడిగా ఉంది.

"గడ్డేదిరా?"

"కనపడకూడదన్నావుగా బావా! పక్క పశువుల ఫారానికి తోలేశా. చేతులెత్తి దండం పెట్టారు."

"ఊడవమన్నానురా! ఇప్పుడు ట్యాంకులో ఏం వేస్తావు, నన్నా?"

"నువ్వు పట్టవు బావా. మూతి చిన్నది."

ట్యాంకులోని సూక్ష్మజీవులు పసిపిల్లల్లాంటివి. వేళకు మేత పడకపోతే అలుగుతాయి. గ్యాసు మీటరు ముల్లు అప్పుడే తల వాలుస్తోంది. ఫారానికి ఫోన్ చేస్తే, "తిన్న గడ్డి వెనక్కెలా ఇస్తామండీ?" అన్నారు. కొత్త గడ్డి ఎక్కడో దూరాన్నుంచి లారీల మీద రావాలి. దిక్కుతోచక మేనేజరు ఇంటికి ఫోన్ చేశాడు.

"మీ తమ్ముడు నా కొంప ముంచాడే!"

"వాణ్ణి తర్వాత తిడుదురుగానీ, ఆ ట్యాంకు ఏం తింటుంది?"

"కుళ్ళేదేదైనా తింటుంది."

భార్య ఫోన్ పెట్టేసి వీధివాళ్ళందరికీ కబురు పెట్టింది. కబురు నోళ్ళు మారేకొద్దీ పెరిగింది. కూరగాయల మార్కెట్టు నుంచి మెత్తబడ్డ టమాటాలు, హోటళ్ళ నుంచి మిగులు, తోటల నుంచి కత్తిరింపులు తోపుడుబళ్ళ మీద బయల్దేరాయి. పనివాళ్ళు పస్తులున్నారనుకుని ఇద్దరు ముసలమ్మలు క్యారేజీలే తెచ్చారు. పొద్దుటినుంచి మంచినీళ్ళయినా ముట్టని మేనేజరు చేతిలో ఒకావిడ ఏమీ అడగకుండా ముద్ద పెట్టింది. అతనికి కళ్ళు చెమర్చాయి.

అధికారిణి కారు ఆ బళ్ళ వెనక ఇరుక్కుంది. దిగి నడిచొస్తుంటే బావమరిది ఎవరో ఏమిటో చూడకుండా బకెట్టు చేతికిచ్చాడు. "ఊరికే నిలబడకక్కా, ఇది అందుకో!" ఆవిడ అందుకుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. గాలి మాత్రం ఆ పూట దయతలచి కుళ్ళు వాసనను అవతలికి మోసుకుపోయింది.

"రోజూ ఇలాగే జరుగుతుందా?" అని అడిగింది ఆవిడ.

ఔననబోయాడు మేనేజరు. అంతలోనే బావమరిది అందుకున్నాడు. "లేదండీ, ఇవాళే. ఉన్న గడ్డంతా నేనే పంపేశా."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ మీటరు ముందు కుర్చీ వేయించుకుంది. మిగల ముగ్గిన పళ్ళు పడ్డ ట్యాంకు ఆవురావురుమంటూ తింది. ముల్లు మెల్లగా తలెత్తింది. పొద్దు వాలేసరికి, గడ్డి వేసిన రోజుల్లో ఎన్నడూ ఎక్కని గీత దాటింది.

"మూసేయమని రాద్దామనే వచ్చాను" అంది ఆవిడ. "మీ గడ్డి లారీలు తాగే డీజిలు, మీరిక్కడ తీసే ఇంధనాన్ని మింగేస్తోంది. వాటి అద్దె మీ లాభాన్ని మింగేస్తోంది."

"మరిప్పుడు?"

"ఇవాళ ఒక్క లారీ కూడా రాలేదు. పారబోసేది ఊళ్ళో పెట్టుకుని గడ్డికోసం అంత దూరం పోతారేమిటండీ? ఒక్కరోజు చూసి మెచ్చుకోను. ఏడాది ఈ మేతతో నడపండి, మళ్ళీ వస్తా. అందాకా తాళం పడదు."

కేకలతో షెడ్డు దద్దరిల్లింది. పనివాళ్ళు బావమరిదిని భుజాలకెత్తుకున్నారు.

"చూశావా బావా, చెప్పినట్టు చేస్తే ఎంత లాభమో!" అని పైనుంచి అరిచాడు వాడు. తిట్టడానికి తెరిచిన నోటితోనే మేనేజరు నవ్వేశాడు.

విజయగర్వంతో ఇంటికెళ్ళి, ఆకలిగా ఫ్రిజ్ తెరిచాడు. ట్యాంకుకు పనికిరాదని భార్య వదిలేసిన నిమ్మకాయ ఒక్కటే అందులో మిగిలింది.