అర్చన జరగని సాలగ్రామం

భూమి మీద రాళ్లు రెండే రకాలని సుంకాల పట్టిక ఏనాడో తేల్చేసింది. మనిషి చెయ్యి పడని రాయి, మనిషి చెయ్యి పడిన రాయి. మూడో రకం కూడా ఉందని పురాణాలు అంటాయి గానీ, (పురాణాలకు సవరణ ఉత్తర్వులు లేవు గనక) వాటిని పరిగణనలోకి తీసుకోరు.

శ్రీనగర్ కాలనీ కామరాజుకు ఈ సంగతి తెలియదు. అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటరుకు లెక్కలు రాసుకుంటూ, పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టుకునే మామూలు గృహస్థు. కాఠ్మాండూలో స్థిరపడిన ఆయన పెదనాన్న, ఒంట్లో ఓపిక తగ్గిపోయి, తాను రోజూ అర్చించే సాలగ్రామాన్ని పార్సిల్లో పంపించాడు. "స్వామి బయల్దేరాడ్రా. ఇక ఆయన ఆరగించాకే మీరు తినాలి" అని ఫోనులో చెప్పాడు. కామరాజు భార్య కమలకుమారి ఆ మాటను నూటికి నూరుపాళ్లు పాటించింది. స్వామి పంజాగుట్టలో ఆగిపోయాడు. ఈవిడ అన్నం మానేసి పాలూ పళ్లతో నెట్టుకొస్తోంది.

స్వామి ఆగింది ఫ్లైఓవర్ పక్కన, చీరల షాపు పై అంతస్తులో ఉన్న సుంకాల శాఖ వారి ఖనిజ రూపాంతర నిర్ధారణ విభాగంలో. అక్కడి అధికారి విజయేందర్ మంచి మనిషి. ఎవరి పని ఆపినా కుర్చీ వేసి, చాయ్ తాగించి మరీ ఆపుతాడు.

"గీ రాయిని ఎవరు తయారు చేసిండ్రు సార్?"

"ఎవరూ చేయలేదండీ. గండకీ నదిలో దొరికింది."

"మరి గీ తొర్ర?"

"వజ్రకీటం తొలిచిందంటారు."

"డ్రిల్లింగ్" అని రాసుకున్నాడు విజయేందర్. "సరే, పురుగు మనిషి గాదు, ఇడిచిపెడ్దాం. మీ పెద్దనాయిన దీనికి ఏమేం చేసేటోడు?"

ఇక్కడే కామరాజు పొరపాటు చేశాడు. దేవుడి గురించి అడిగితే భక్తుడి నోరు ఆగదు. రోజూ పంచామృతాలతో అభిషేకం, మెత్తటి బట్టతో తుడవడం, ఆపైన గంధం, పెదనాన్న చేతుల్లో స్వామి అద్దంలా మెరిసేవాడంటూ పూసగుచ్చినట్టు చెప్పాడు. విజయేందర్ కళ్లు మూసుకుని భక్తిగా విన్నాడు. ఆనక కళ్లు తెరిచి రాశాడు: రసాయన చర్య, పాలిష్, పైపూత.

"ఉత్త నీళ్లతోని కడిగితే ముడి రాయే సార్. రూల్ల ఉన్నది. తేనె పోసిండ్రు గదా, ప్రాసెస్ అయిపోయింది. ఫ్యాక్టరీ సర్టిఫికెట్ కావాలె."

"ఫ్యాక్టరీ ఎక్కడిదండీ బాబూ! అది మా పెదనాన్న పూజగది."

"దానికి లైసెన్స్ ఉన్నదా?"

ఇంటికొచ్చేసరికి కమలకుమారి గోడ పట్టుకుని లేచింది. "స్వామి ఎక్కడిదాకా వచ్చాడండీ?"

"పాలిష్ దాకా" అన్నాడు కామరాజు.

మర్నాడు విజయేందరే దారి చూపించాడు. "ఫికర్ చేయకుండ్రి. ఒక కాయితం రాసియ్యిండ్రి. దీనికి ఎన్నడూ పూజ జరగలే, మేం దీన్ని దేవుడనుకోలే, ఉత్త రాయి అని. ముడి ఖనిజం కింద ఇడిచిపెడ్తం."

కామరాజు కలం అందుకున్నాడు. పెదనాన్న చేతులు గుర్తొచ్చాయి. గోడ పట్టుకుని లేచిన భార్య గుర్తొచ్చింది. (అబద్ధమాడితే దేవుడు క్షమిస్తాడేమో. నిజం చెబితే మాత్రం ఈ విభాగం క్షమించదు.) సంతకం పెట్టేశాడు.

విడుదలకు ముందు తుది తనిఖీ అని ఇంకో రోజు ఆపారు. ఆ రోజు కామరాజు ముందే ఆఫీసు బీరువా తెరిచారు. లోపల స్వామి మెరిసిపోతున్నాడు. తాజా గంధం, తులసిదళం, ఎదురుగా బెల్లం ముక్క.

విజయేందర్ గంధాన్ని పరీక్షగా చూశాడు. "పూజ జరగలేదని రాసిచ్చిండ్రు గదా సార్?"

"ఇది మేం చేసింది కాదండీ! మీ ఆఫీసులోనే ఎవరో..."

"నేనే జేస్తున్న. బీరువల దేవున్ని పెట్టుకొని పస్తుంచుతమా? పాపం గాదా? తులసి మా అటెండర్ అంజమ్మ తెస్తది. గది వేరే ముచ్చట. మీ కాయితం అయితే అబద్ధమైంది. ఫైలు వాపస్ పోవాలె."

కబురు విని కమలకుమారి లేచి వంటింట్లోకి నడిచింది. దద్ధ్యోజనం కలిపి, క్యారియరు పట్టుకుని, ఆటోలో పంజాగుట్ట వచ్చేసింది. విజయేందర్ చెప్పులు విడిచి నైవేద్యం పెట్టాడు. అంజమ్మ హారతిచ్చింది. కమలకుమారి కళ్లనిండా చూసుకుని, వరండాలో బెంచీ మీద కూర్చుని ఇన్నాళ్లకు నాలుగు ముద్దలు తింది.

సెక్షన్లో వాళ్లంతా లేచి నిలబడి దండం పెట్టుకున్నారు. కామరాజూ చేతులు జోడించబోయాడు. విజయేందర్ వచ్చి ఆ చేతుల్ని మెల్లగా, ఎంతో మర్యాదగా కిందికి దించాడు.

"మీరొద్దు సార్. మీకు గిది ఉత్త రాయి."