కొమ్ము లేని కప్పు

పాపకు కప్పు కొనే పని నాకు అప్పజెప్పడం మా ఆవిడ చేసిన పొరపాటని మీరు అంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడ పొరపాటేమీ చేయలేదని నాకు తెలిసేసరికి వంటింటి అర నిండా కప్పులే అయ్యాయి. చోటు చాలక గిన్నెలు నేల మీదికి దిగాయి.

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. పాప పుట్టినప్పుడు పెట్టిన సెలవు, మా నాన్నకు పక్షవాతం రావడంతో ఇంకా సాగింది. ఇప్పుడు నాన్న లేరు. వచ్చే సోమవారం నుంచి నైట్ డ్యూటీకి రమ్మని ఆస్పత్రివాళ్లు చెప్పారు. రాకపోతే ఆ చోట ఇంకొకరిని వేసుకుంటామని కూడా చెప్పారు, చాలా మర్యాదగా.

అడ్డం పాపే. పగలు దానితో పేచీ లేదు. అన్నం తింటుంది, పప్పు తింటుంది, ఎవరూ చూడకపోతే గోడ సున్నం కూడా తింటుంది. పడుకునే ముందు మాత్రం అమ్మ దగ్గర పాలు తాగితే తప్ప కన్ను మూయదు.

దానికి మా నాన్న పెట్టిన పేరు జడ్జిగారు. ఏది ముందు పెట్టినా ఒక్కసారి చూస్తుంది. తల అడ్డంగా ఊపిందంటే తీర్పు అయిపోయినట్టే. అప్పీలు ఉండదు.

"పడుకునేటప్పుడు కప్పుతో తాగడం అలవాటు చేద్దామండీ," అంది మా ఆవిడ. "సోమవారం నుంచి దాన్ని నిద్రపుచ్చాల్సింది మీరే కాబట్టి కప్పు కూడా మీరే చూసి తెండి. కొమ్ము ఉన్నదైతే పిల్లలకు తేలిక."

కొమ్ము అంటే టీ కెటిల్‌కి ఉన్నట్టు, నోట్లో పెట్టుకుని పీల్చడానికి ఉండేది.

"కొమ్ము ఉన్నది వద్దు," అన్నాను.

"ఎందుకని?"

"పళ్లు ఎత్తు వస్తాయి."

"దానికి సగం పళ్లు ఇంకా రానే లేదు."

"వచ్చేవే ఎత్తుగా వస్తాయంటున్నాను."

మా ఆవిడ నా వైపు థర్మామీటరును చూసినట్టు చూసింది. ఎంత ఉందో చెప్పలేదు.

మొదట రెండు చెవుల కప్పు తెచ్చాను. జడ్జిగారు రెండు చెవులూ పట్టుకుని, పాలు జాగ్రత్తగా నా ఒళ్లో పోసి, ఖాళీ కప్పు నాకు తిరిగి ఇచ్చింది.

తర్వాత గొట్టం ఉన్నది తెచ్చాను. పీల్చాలి అని చెప్పడానికి నేను బుగ్గలు లోపలికి లాగి చూపించాను. అది బుగ్గలు పొంగించి ఊదింది. ఆ రాత్రి నా కళ్లజోడు రెండుసార్లు కడిగాను.

"ఇది కూడా కాదా?" అంది మా ఆవిడ తువ్వాలు అందిస్తూ.

"ఊదడం వచ్చింది. ఇక పీల్చడం ఒక్కటే నేర్పాలి."

"మీ క్లాసులో పిల్లలకు కూడా ఇలాగే సగం సగం నేర్పుతారా?"

ఆపైన అడుగున బరువున్న కప్పు తెచ్చాను. ఎటు తోసినా పడిపోదు, మళ్లీ లేచి నిలబడుతుంది. జడ్జిగారికి అది బాగా నచ్చింది. సుత్తిలా ఉందని నచ్చింది. నా కాలి బొటనవేలు ఇప్పటికీ నల్లగానే ఉంది.

ఇక అంచు చుట్టూ ఎక్కడ పెదవితో నొక్కితే అక్కడ పాలు వచ్చే కప్పు. చుక్క కారదని కొట్టువాడు హామీ ఇచ్చాడు. అబద్ధం చెప్పలేదు. తలకిందులు చేసినా, విసిరినా, ప్రాధేయపడినా చుక్క రాలేదు. లోపం కప్పుదో పెదవులదో తేల్చుకుందామని దాన్ని బడికి పట్టుకెళ్లాను.

స్టాఫ్ రూములో డ్రిల్ మాస్టారు అందులో తన టీ పోయించుకుని పందెం కాశాడు. బడి మొత్తానికి ఊపిరితిత్తులు ఆయనవే. కాసేపటికి మెడ నరాలు తేలాయి, మొహం కందిపోయింది. టీ రాలేదు.

"మాస్టారూ, చిన్నపిల్లకి ఏం తప్పు చేసిందని ఈ శిక్ష?" అన్నాడు రొప్పుతూ.

ఇంతలో హెడ్‌మాస్టరు గారు వచ్చారు. ఆయనను పిల్లలు 'నిశ్శబ్దం గారు' అంటారు, రోజంతా ఆ ఒక్క మాటే అరుస్తారు కాబట్టి. ఏం జరుగుతోందని అడిగి, కప్పు అందుకుని, పై పెదవితో అంచు ఒక్క నొక్కు నొక్కారు. టీ అంతా ఒకేసారి వచ్చి ఆయన తెల్ల చొక్కా మీద పడింది. గదిలో ఆయన కోరుకునే నిశ్శబ్దం మొదటిసారి ఏర్పడింది.

"కొమ్ము ఉన్నది దొరకలేదా మీకు?" అన్నారు చొక్కా దులుపుకుంటూ.

"పళ్లు ఎత్తు వస్తాయండి."

అనేశాక గుర్తొచ్చింది. హెడ్‌మాస్టరు గారు నోరు మూసుకుని వెళ్లిపోయారు. పూర్తిగా మూసుకోవడానికి కొంచెం కష్టపడ్డారు కూడా.

ఆయన వెళ్లాక డ్రిల్ మాస్టారు గొంతు తగ్గించాడు. "మీ నాన్నగారికి నీళ్లు పట్టే కప్పు ఒకటి ఉండేది కదా, పింగాణీది. చూడ్డానికి వచ్చినప్పుడు చూశాను. దానికి కొమ్ము ఉండేది. అది..."

"పారేశాను," అన్నాను.

పారేయలేదు.

నాన్నకు కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. గ్లాసుతో పడితే పొలమారేది. అందుకని ఆ కప్పు కొన్నాం. కొమ్ము చివర చిన్న పెచ్చు ఊడి ఉండేది. ఉదయం, సాయంత్రం నేను పట్టేవాణ్ణి, పగలు మా ఆవిడ. చివరి రోజు ఉదయం మొదటి గుటక మింగారు. రెండోది పెదవి చివర నుంచి బయటికి వచ్చేసింది. తుడిచి, "నెమ్మదిగా నాన్నా," అన్నాను. అలా చాలాసార్లు అన్నాను, ఇక అనక్కర్లేదని అర్థమయ్యేలోపు.

పనులన్నీ నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఎక్కడా ఏడవలేదు. ధైర్యం గల మనిషి అన్నారు అందరూ. అంతా అయ్యాక కప్పు కడిగి, నాన్న తువ్వాల్లో చుట్టి, చెప్పుల అట్టపెట్టెలో పెట్టి, అటక మీద పాత పరీక్ష పేపర్ల వెనక దాచాను. ఆ పేపర్ల జోలికి మా ఇంట్లో ఎవరూ పోరు. దిద్దాల్సినప్పుడు నేను కూడా పోలేదు.

"కప్పేదండీ?" అని అప్పట్లో మా ఆవిడ అడిగింది.

"పాత సామానువాడికి ఇచ్చేశాను."

"మన వీధిలోకి పాత సామానువాడు రాడు కదా."

"వీడు కొత్తవాడు."

అదీ నా పథకం. లోకంలో ఏ కప్పయినా సరే, కొమ్ము ఒక్కటి లేకుండా ఉంటే చాలు. కొమ్మున్న కప్పు ఇంకో నోటికి పట్టడం నా వల్ల కాదు. ఆ మాట చెప్పలేక పళ్ల మీద నెట్టాను.

ఆదివారం నాడు పెద్ద కొట్టుకు వెళ్లి ఏటవాలు అంచున్న కప్పు తెచ్చాను. పెట్టె మీద నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ ఉంది. వాడికి అన్ని పళ్లూ ఉన్నాయి.

"ఇది జడ్జిగారికి ఇప్పుడే చూపించొద్దు," అన్నాను. "రేపు పడుకునే వేళకు కొత్తగా పెట్టె తెరుద్దాం. ఆ సరదాలో తాగేస్తుంది."

మా ఆవిడ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "సరే. నేను కడిగి మళ్లీ పెట్టెలోనే పెడతాను," అంది.

సోమవారం సాయంత్రం యూనిఫారం వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. పాప వైపు చూడలేదు. పాలు నిండి నొప్పిగా ఉందేమో, ఒక చేయి రొమ్ముకు అదిమిపెట్టుకుంది.

"ఏడిస్తే నాకు ఫోన్ చేయకండి," అంది. "ఆ ఏడుపు వింటే వచ్చేస్తాను. ఒకసారి వచ్చేస్తే ఇక ఉద్యోగం లేదు."

"చేయను."

"గట్టిగా చెప్పండి."

"చేయనన్నాను కదా. నా దగ్గర కప్పు ఉంది."

తలుపు మూసుకోగానే పాప మొదలుపెట్టింది. తలుపు దగ్గర కూర్చుని, గొళ్లెం వైపు చేతులు చాచి ఏడ్చింది. ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వంగింది. పాట పాడితే ఏడుపు పెంచింది, అందులో తప్పేమీ లేదు. పాలు వెచ్చబెట్టాను. పెట్టె తెచ్చి దాని ముందు పెట్టాను. ఇంద్రజాలం చేసేవాడిలా మూత తీశాను.

లోపల పింగాణీ కప్పు. కొమ్ము చివర పెచ్చు ఊడి ఉంది.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు ఆగిపోయిందని కాసేపటికి గాని తెలియలేదు. పాప కప్పును రెండు చేతులతో బయటికి తీసింది.

"తాత," అంది.

ఇచ్చిన మాట తప్పి ఫోన్ చేశాను.

"ఏడుస్తోందా?" అంది మా ఆవిడ.

"లేదు."

"మరి?"

"నువ్వు ఎప్పుడు దించావు దాన్ని?"

"ఆ కొత్త పాత సామానువాడు వచ్చి వెళ్లిన మర్నాడే చూశాను. దించింది మాత్రం నిన్న."

"అయితే ఇన్ని కప్పులు ఎందుకు కొననిచ్చావు?"

"మీరే దించుతారేమోనని. సోమవారం వచ్చేసింది, ఇంకేం చేయను?" అటుపక్క ఏదో గంట మోగింది. ఆవిడ గొంతు తగ్గించింది. "మీకు చెప్పలేదు. మీరు బడికి వెళ్లాక మామయ్యగారు నా చేత్తో చుక్క నీళ్లు తాగేవారు కాదు, మొహం తిప్పేసుకునేవారు. పాప మంచమెక్కి పక్కన కూర్చునేది. ఆయనకో గుటక, దీనికో గుటక. ఆయనది అంటుకునే జబ్బు కాదు కదా, పోనీలే అనుకున్నాను. అది తాగించబట్టే అన్నాళ్లు తాగారు."

పాప చేతిలోని కప్పు కొమ్ము వైపు చూశాను.

"వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"పాలు పోయండి మరి. చల్లారిపోతాయి."

పోశాను. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని కొమ్ము దాని నోటి దగ్గర పెట్టాను. అది కప్పు లాక్కుని నా నోటి వైపు తిప్పింది.

"నీకు," అంది.

"నాకొద్దమ్మా. నువ్వు తాగు."

తల అడ్డంగా ఊపింది. తీర్పు అయిపోయింది.

తాగాను. అది తాగలేదు. నా గొంతు వైపే చూస్తోంది. గుటక కిందికి దిగేదాకా రెప్ప వేయకుండా చూసింది, పెదవి చివర వేలు పెట్టి ఏమైనా కారిందా అని కూడా చూసింది. ఏమీ కారలేదు. అప్పుడు "నాకు," అని కప్పు తన నోట్లో పెట్టుకుంది.

అలా నాకో గుటక, దానికో గుటక. సగం పాలు నా కడుపులోకే పోయాయి. అది మాత్రం కప్పు చెవి పట్టుకునే నిద్రపోయింది.

తెల్లవారి మా ఆవిడ వచ్చేసరికి నేను కప్పు కడుగుతున్నాను.

"తాగిందా?"

"తాగింది."

"మీరు?"

"నేనూ తాగాను."

బ్యాగు కింద పెట్టి, దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. "ఏదీ, పళ్లు ఎత్తు వచ్చాయేమో చూడనివ్వండి."

నోరు గట్టిగా మూసుకున్నాను. తెరిస్తే బయటికి వచ్చేవి పళ్లు కావని ఇద్దరికీ తెలుసు.