గుడారంలో మూడో తరగతి

ఆ గురువారం పొద్దున ఇర్మెలి టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన మూడో తరగతిలో హిల్లా అనే పిల్ల చేత మూడు నిమిషాలు మాట్లాడించాలి. అంతే! దానికి కావలసిందల్లా ఒక తలుపు. ఆ బడిలో లేనిది సరిగ్గా అదే.

పాత చెక్క బడిని వేసవిలో మూసేసి, సరస్సు ఒడ్డున కొత్తది కట్టారు. అబ్బో, ఏం భవనం! ఎటు చూసినా గాజు, వెలుతురు, కూర్చుంటే కూరుకుపోయే దిండ్లు. మధ్యలో ఒకటే హాలు, ఐదు తరగతులూ అందులోనే. గోడ మాటెత్తితే ప్రధానోపాధ్యాయురాలు పిర్యోకి ఒళ్లు మండుతుంది. "గోడలు మన బుర్రల్లో ఉన్నాయి ఇర్మెలీ" అంటుంది. "నా బుర్రలో ఉండుంటే పిల్లల్ని అందులోనే కూర్చోబెట్టేదాన్ని కదమ్మా" అంటుంది ఇర్మెలి. ఏడెనిమిదులు ఎంతరా అని మూడో తరగతిని అడిగితే, అవతల ఐదో తరగతి భూగోళం పాఠంలోంచి "స్వీడన్!" అని కేక వచ్చిపడేది. ఇర్మెలి పిల్లలు బుద్ధిగా అదే రాసుకునేవారు.

అందరూ ఎలాగో అలవాటు పడ్డారు, ఒక్క హిల్లా తప్ప. పాత బడిలో గలగలా మాట్లాడే పిల్ల, ఈ హాల్లో అడుగుపెట్టిన నాటి నుంచి నోరు విప్పలేదు. తొంభై మంది వింటారని తలుచుకుంటేనే పుస్తకం వెనక తల దాచుకునేది. దాన్ని పక్క ఊళ్లోని ప్రత్యేక తరగతికి పంపాలా వద్దా అన్నది శుక్రవారం సమావేశంలో తేల్చేస్తారు. "నేనేం రాక్షసిని కాదు. దాని నోటెంట ఒక్క వాక్యం నా చెవిన పడనీ, ఆ మాట మళ్లీ ఎత్తను" అని పిర్యో చెప్పేసింది. ఇర్మెలికి రాత్రంతా కంటిమీద కునుకు లేదు. పిల్లలో లోపం లేదు, భవనంలో ఉందని ఎవరికి చెప్పి ఏడవాలి?

చేతిపనుల మాస్టారు టైస్తోకి చెప్పి ఏడ్చింది.

"తలుపేగా? నాకొదిలెయ్యండి" అన్నాడు టైస్తో. ఆ మంచుదేశంలో మగవాడై పుట్టి సైన్యంలో గుడారం వెయ్యడం నేర్చుకోనివాడు అరుదు. గురువారం పొద్దున్నే తన గ్యారేజీలోంచి పాత సైనిక గుడారం మోసుకొచ్చి, హాలు మూలన నిలబెట్టేశాడు. మందపాటి ఆకుపచ్చ గుడ్డ, లోపల ఇరవై మంది పడతారు. నడుమ ఇనప పొయ్యి, కప్పులోంచి పైకి పొగగొట్టం.

"పొయ్యెందుకయ్యా, కొంపలంటిస్తావా?" అంది ఇర్మెలి.

"వెలిగించనులెండి. పొయ్యి లేకుండా గుడారం వేస్తే నాకు అన్నం సహించదు."

ఇర్మెలికి ఆనందం పట్టలేదు. పద్దెనిమిది మందినీ లోపలికి తోలింది. ఫిబ్రవరి గాలికి హిల్లా గొంతు ఎండిపోతుందేమోనని, నల్ల ద్రాక్షపండ్ల రసం వేడిగా తాగించడానికి కరెంటు కెటిల్ తెచ్చి పొయ్యి మీద పెట్టింది. అది మరిగి మరిగి ఆవిరి పొగగొట్టం చుట్టూ ఉన్న సందులోంచి బయటికి తన్నుకొచ్చింది. లోపల ఉక్క. పిల్లలు ఉన్ని స్వెటర్లు విప్పి గుడారం బయట కుప్పపోశారు. బూట్లు ఎలాగూ బడి గుమ్మంలోనే విడుస్తారు కాబట్టి అందరివీ మేజోళ్ల కాళ్లే.

సరిగ్గా అప్పుడే పిర్యో పై అంతస్తు మెట్ల మీంచి కిందికి చూసింది.

గుడారం. గొట్టం చుట్టూ ఆవిరి. బయట విప్పిన బట్టల కుప్ప. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లెవరికైనా ఇది చూస్తే తట్టేది ఒక్కటే. సౌనా! ఆవిరి స్నానం!

పిర్యో గుండె ఝల్లుమంది, ఆనందంతో. భవనం తెరిచిన రోజు దాని ప్లాను గీసిన ఓస్మో అందరి ముందూ నవ్వుతూ అన్నాడు కదా, "ఇక్కడ అన్నీ ఉన్నాయి, సౌనా ఒక్కటే తక్కువ" అని! కొత్త కట్టడంలో మొదటి ఆవిరి పట్టకపోవడమంటే పాలు పొంగించకుండా గృహప్రవేశం చేసినట్టే వాళ్లకి. ఆ ఓస్మో ఈవేళే మున్సిపాలిటీ పెద్దలిద్దరిని వెంటబెట్టుకొస్తున్నాడు. బంగారుకొండలు, తనకు కూడా చెప్పకుండా ఎంత ఏర్పాటు చేశారు!

ఇర్మెలిని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ అడిగితే తనకెవరూ చెప్పలేదని ఒప్పుకున్నట్టు కాదూ? ఆ దేశస్థులు ప్రాణం పోయినా అడగరు. ఎదురుపడ్డ టైస్తోని మాత్రం చూసీ చూడనట్టు పలకరించింది.

"బాగా వేడెక్కిందా?"

"ఎక్కకేం! పిల్లలు స్వెటర్లు కూడా విప్పేశారు" అన్నాడు టైస్తో ఛాతీ విరిచి.

"ముందు పిల్లలకా? మంచి మనసయ్యా మీది" అని పిర్యో కళ్లు తుడుచుకుంది. గుడారానికి ఇంత మెచ్చుకోలేమిటా అని టైస్తో తెల్లబోయాడు. అతనూ అడగలేదు.

ఇక చూడాలి! పిర్యో వంటావిడ చెవిలో ఊదింది. సౌనా తర్వాత సాసేజీలు లేకపోతే ఎలా అని ఆవిడ వంద సాసేజీలు పొయ్యికెక్కించింది. ఆ వాసన పట్టుకుని వచ్చిన కాపలాదారు, ఆవిరి పట్టేటప్పుడు చర్మం మీద తట్టుకోవడానికి తన ఫ్రీజరులో దాచుకున్న బిర్చ్ చెట్టు కొమ్మల కట్టలు తెచ్చిచ్చాడు. వ్యాయామం గదిలోంచి స్నానపు అంగీలు దిగాయి. పెద్దలు రాగానే పిర్యో గుట్టుగా "బట్టలు మార్చుకోండి" అంది. ఎందుకని వాళ్లూ అడగలేదు.

లోపల ఇర్మెలి ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది. హిల్లా పొయ్యి పక్కన నిలబడి మూడోసారి మొదలుపెట్టింది.

"మా తాత..."

ఆగిపోయింది. గుడ్డకవతల అడుగుల చప్పుడు. 'తల్లీ, ఇంకొక్క మాట' అని ఇర్మెలి మనసులో మొక్కుకుంది.

గుడారం గుడ్డతలుపు సర్రున తెరుచుకుంది.

గుమ్మంలో ఓస్మో! ఒంటి మీద తెల్లటి స్నానపు అంగీ, చెవుల దాకా ఉన్ని టోపీ, చేతిలో బిర్చ్ కొమ్మల కట్ట, ఉత్త కాళ్లు. వెనకాల అదే వేషంలో పిర్యో. ఆమె వెనక మున్సిపాలిటీ.

"అందరికీ శుభావిరి!" అన్నాడు ఓస్మో చేతులు చాచి. గ్లాసులు పట్టుకున్న పద్దెనిమిది మంది పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. హాల్లోని చల్లగాలి రివ్వున లోపలికి కొట్టింది.

ఆ దేశంలో పిల్లలకు అమ్మ, నాన్న అన్న మాటల తర్వాత వచ్చే మాట ఒకటుంది. సౌనా తలుపు తీసి నిలబడ్డవాణ్ణి చూస్తే అది దానంతటదే నోటికొస్తుంది.

"తలుపెయ్యండి! వేడంతా పోతోంది!"

హాలంతా మారుమోగింది. అరిచింది హిల్లా.

ఓస్మో ఠక్కున తలుపు వేశాడు, తనూ పిర్యో లోపలే ఉండిపోయేలా. ఇద్దరూ తప్పుచేసిన పిల్లల్లా నేల మీద ముడుచుక్కూర్చున్నారు. పెద్దవాళ్లనే కసిరాక హిల్లాకి ఇంక భయపడ్డానికేం మిగిలింది? నడుం మీద చెయ్యేసుకుని అందుకుంది. తాత గడ్డకట్టిన సరస్సుకి కన్నం పెట్టి చేపలు పట్టడం, పెద్ద చేప తగిలితే ఎగిరి గంతేసి అరవడం, అరుపుతోపాటు కట్టుడుపళ్లు కన్నంలో పడిపోవడం, రెండు రోజులు జావ తాగుతూ చేపని తిట్టడం! మూడు నిమిషాలనుకున్నది పావుగంటైంది. గుడ్డకవతల ఎక్కాలు ఆగాయి, భూగోళం ఆగింది. తొంభై మంది కిక్కురుమనకుండా విన్నారు. అటు సాసేజీలు మాడిపోయాయి.

ఇర్మెలి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. పిర్యో అంగీ చేతితో ముక్కు తుడుచుకుని, "వినపడింది. చాలా గట్టిగానే వినపడింది" అంది.

ఓస్మో మాత్రం లేవలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని చుట్టూ చూశాడు.

"ఎంత ప్రశాంతంగా ఉందిక్కడ! దీన్ని గీసిందెవరు?"

"సైన్యం" అన్నాడు బయట్నుంచి టైస్తో.

మరుసటి ఆగస్టుకి హాల్లో ఐదు గదులు లేచాయి, ఐదింటికీ తలుపులు. ఓస్మో వాటిని గోడలని చచ్చినా ఒప్పుకోలేదు, 'కదలని గుడారాలు' అని పేరు పెట్టాడు. ఆ కొత్త ఆలోచనకి బహుమతి కూడా వచ్చింది. హిల్లా ఇప్పుడు ఎంత వాగుతుందంటే, ఇర్మెలి అప్పుడప్పుడు తలుపు తీసి బయట నిలబడుతుంది.

ఆ గదుల్ని చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తూనే ఉన్నారు. కొందరు తువాళ్లు తెచ్చుకుంటున్నారు.