చెరో ముక్క కీబోర్డు

"ఉద్యోగి మణికట్టే ప్రభుత్వానికి పట్టుగొమ్మ" అని మంత్రిగారు మైకులో ప్రకటించినప్పుడు నేను మూడో వరసలో కూర్చుని అందరికంటే నాలుగు చప్పట్లు ఎక్కువే కొట్టాను. మా పింఛన్ల ఆఫీసులో ఇకపై అందరూ స్ప్లిట్ కీబోర్డుల మీదే పనిచేస్తారట. మామూలు కీబోర్డును మధ్యకి కోసి, చేతికో ముక్క చొప్పున ఎడంగా పెట్టినట్టుంటుంది. భుజాలు ముడుచుకోవు, మణికట్టు వంకర తిరగదు. మంత్రిగారు పెట్టె తెరిచి, రెండు ముక్కలూ చూసి, "దీన్ని విరగ్గొట్టిందెవరయ్యా?" అని కోప్పడ్డారు. ప్రజల సొత్తు మీద ఆయనకంత ప్రేమ.

నిజానికి ఈ పథకానికి మూలం మా టైపిస్టు పెద్దక్క. ఇరవై రెండేళ్లుగా ఆఫీసు ఉత్తరాలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తున్నాయి. కుడి మణికట్టుకి ఎప్పుడూ కట్టుంటుంది. టీ గ్లాసు ఎడంచేత్తో పట్టుకుంటుంది. ఇలాగే ఇంకో ఆర్నెల్లు కొడితే ఆ చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పాడు. స్ప్లిట్ కీబోర్డు ఒక్కటి ఇప్పించమని మూడేళ్లలో పదకొండు అర్జీలు పెట్టుకుంది. అన్నీ తనే టైపు చేసుకుంది.

పంపిణీ బాధ్యత మా స్టోర్‌కీపరుది. నిబంధనలన్నీ కంఠతా వచ్చు కాబట్టి అందరం ఆయన్ని రూలుబుక్కు మావయ్య అంటాం. వచ్చిన ఇరవై పెట్టెల్లో మొదటిది విప్పి, ముక్కలు లెక్కపెట్టి, రిజిస్టర్లో "కీబోర్డులు: రెండు" అని రాశాడు.

"మావయ్యా, ఆ రెండూ కలిపి ఒకటి," అంది పెద్దక్క.

"నా కళ్లకి రెండు కనిపిస్తున్నాయమ్మా. మనిషికి ఒకటే ఇమ్మని ఆర్డరు."

"ఒక్క ముక్కతో ఎలా కొట్టేది మరి?"

"అది వాడకం. నాది పంపకం."

ఆ విధంగా ఎడమ ముక్క పెద్దక్కకి, కుడి ముక్క డైరెక్టరుగారి పి.ఎ.కి దక్కాయి. కుడి అంటే హోదా కదా. డైరెక్టరుగారు ఉప్పొంగిపోయారు. "ఇరవై వస్తే నలభై మందికి పంచాం. ఇలాంటి ఆఫీసు ఇంకెక్కడైనా ఉందా?" అని నన్నే అడిగారు. లేదన్నాను. అబద్ధమేమీ కాదు.

ముక్కల మధ్య తీగ మూరెడే ఉండడంతో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. ఒక అక్షరం ఈవిడ, ఒక అక్షరం ఆయన. తెలుగు అచ్చులన్నీ ఎడమ ముక్కలో, హల్లులు దాదాపు అన్నీ కుడి ముక్కలో ఉన్నాయి. బుధవారం పి.ఎ. సెలవు పెడుతూ, తన పేరున ఉన్న ముక్కని సొరుగులో పెట్టి తాళం వేసుకుపోయాడు. ఆ రోజు పై ఆఫీసుకి వెళ్లిన ఉత్తరంలో ఆ, ఈ, ఊ, ఓ తప్ప ఇంకేమీ లేవు. మర్నాడే జవాబొచ్చింది: "తమ సూచనలు పరిశీలనలో ఉన్నవి."

పథకం ఇంత దివ్యంగా నడుస్తుండగా, విజయ నివేదిక పంపమని మంత్రిగారి నుంచి కబురొచ్చింది. నలభై పేజీలు, సాయంత్రం నాలుగింటికల్లా కావాలి. పదకొండింటికి చూస్తే ఇద్దరూ కలిసి పేజీన్నర కొట్టారు. డైరెక్టరుగారు చెమట తుడుచుకుంటూ పెద్దక్క దగ్గరికొచ్చారు.

"అమ్మా, నీ పాత కీబోర్డు ఉంటే..."

"చెయ్యి పోతుందన్నారండీ డాక్టరు."

"ఈ ఒక్క రిపోర్టే తల్లీ. నీ చేతి కోసమే కదా ఈ పథకమంతా."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు మెదపలేదు. నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది.

మావయ్య పాత కీబోర్డుని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. పెద్దక్క కట్టు బిగించుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. నాలుగింటికి పది నిమిషాలుందనగా ఆఖరి వాక్యానికి వచ్చింది: "ఈ కార్యాలయంలో మణికట్టు నొప్పి సంపూర్ణంగా నిర్మూలించబడినది". అక్కడ ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"వేళ్లు వంగడం లేదండీ. ఫుల్‌స్టాప్ ఒక్కటే మిగిలింది."

డైరెక్టరుగారు ఏమాత్రం భేషజం లేకుండా వంగి, ఆ ఫుల్‌స్టాప్ స్వయంగా నొక్కారు. సరిగ్గా అప్పుడే పత్రిక ఫొటోగ్రాఫరు లోపలికొచ్చాడు.

మర్నాడు మొదటి పేజీలోనే వేశారు. కింద "సిబ్బందితో సమానంగా టైపు చేసిన డైరెక్టర్" అని రాశారు. ఆయన వేలు చాలా స్పష్టంగా వచ్చింది. పక్కనున్న కట్టు కట్టిన చేతిని మాత్రం చోటు చాలక కత్తిరించేశారు.